బియ్యపు గింజంత చాలు!

పిల్లలకు పేస్టు కొనేటప్పుడు మనం సాధారణంగా డబ్బా మీద బొమ్మ, రంగు, రుచి చూస్తాం. అసలు చూడాల్సింది మాత్రం వెనకాల చిన్న అక్షరాల్లో ఉండే ఒక అంకెను. ఆ అంకె ఎంత, బ్రష్ మీద ఎంత పేస్టు పెడుతున్నారు, ఇంట్లో ఏ నీళ్లు తాగుతున్నారు... ఈ మూడూ తెలిస్తే మీ పిల్లలకు ఏ పేస్టు సరైనదో మీరే తేల్చుకోవచ్చు.

కోరుట్ల నుంచి వేములవాడ వెళ్లే దారిలో ఉంటుంది రుద్రంగి. ఆ చుట్టుపక్కల ఊళ్ల నుంచి మా ఓపీకి వచ్చేవాళ్లు తక్కువేం కాదు. ఒకరోజు ఉదయం నాలుగేళ్ల బాబును ఎత్తుకుని ఓ తల్లి వచ్చింది. బాబు ఎడమ చెంప ఉబ్బిపోయి కన్ను సగం మూసుకుపోయింది. ఒళ్లు కాలిపోతోంది.

‘‘రెండు దినాల సంది అన్నం ముడ్తలేడు సార్. గదువ వాసింది. రాత్రంతా ఒక్కటే ఏడ్సుడు’’ అంది.

నోరు తెరిపించి చూస్తే పై వరుసలో ముందు పళ్లు నాలుగూ అరిగి గోధుమ రంగు మొనలు మిగిలాయి. ఎడమ పక్క దవడ పన్నుకు పెద్ద గుంత. దాని పైన చిగురు దగ్గర చీము గడ్డ. ఏ పేస్టు వాడుతున్నారని అడిగాను. ‘‘ఫ్లోరైడ్ లేనిదే సార్. ఫ్లోరైడ్ విషమని ఫోన్ల వీడియో చూసిన. నల్లగొండ దిక్కు మంచం పట్టినోళ్లను టీవీల చూస్తిమి గదా!’’ అని భయంగా చెప్పింది.

అదేరోజు మధ్యాహ్నం మరో తల్లి జలుబు చేసిన మూడున్నరేళ్ల పాపను తీసుకొచ్చింది. మందులు రాసిచ్చాక లేవబోతూ ఆగింది. ‘‘సార్, మా బిడ్డ పేస్టు తింటది. ఏం గాదు గదా? వాళ్ల నాన్న దుబాయ్ నుంచి పంపిండు. మంచి పేస్టే’’ అంటూ ఫోనులో ట్యూబు ఫొటో చూపించింది. పెద్దది చేసి చూస్తే ఫ్లోరైడ్ 1450 పీపీఎం అని ఉంది. ‘‘ఎంత పెడతావమ్మా?’’ అంటే ‘‘బ్రష్ నిండ పెడ్త సార్. తియ్యగుంటది గదా, ఉమ్మేది తక్కువ, మింగేది ఎక్కువ’’ అంది నవ్వుతూ.

ఒకరు భయంతో ఫ్లోరైడ్‌ను పూర్తిగా మానేశారు. ఇంకొకరు ముద్దుతో మోతాదు మరిచిపోయారు. ఇద్దరివీ పిల్లల్ని కళ్లలో పెట్టుకుని చూసుకునే ఇళ్లే. నేను దంతవైద్యుణ్ని కాను, ఫిజీషియన్‌ని. కానీ పంటి దగ్గర మొదలైన ఇన్ఫెక్షన్ ముదిరి జ్వరంతో, వాపుతో పిల్లలు చేరేది మా దగ్గరికే. అందుకే ఈ నాలుగు మాటలు చెప్పాలనిపించింది.

ఊడిపోయే పళ్లే కదా అనుకోవద్దు

పాలపళ్లు మొత్తం 20. మొదటి పన్ను దాదాపు ఆరు నెలల వయసులో వస్తుంది. రెండున్నర, మూడేళ్లకు అన్నీ వచ్చేస్తాయి. ‘ఎలాగూ ఊడిపోతాయి, పుచ్చితే ఏమైంది?’ అని చాలామంది అడుగుతుంటారు. ముందు పళ్లు ఆరేడేళ్లకు ఊడటం మొదలైనా, వెనకవైపు నమిలే పాలపళ్లు పదీ పన్నెండేళ్ల వరకూ ఉండాలి. నాలుగేళ్లకే పుచ్చిన పన్నుతో పిల్లవాడు ఇంకో ఆరేడేళ్లు అన్నం నమలాలి.

నొప్పి ఉన్న పిల్లలు గట్టి పదార్థాలు వదిలేసి పాలు, బిస్కెట్లతో సరిపెడతారు. బరువు పెరగరు. రాత్రి నిద్రపోరు. బడిలో మనసు పెట్టలేరు. పన్ను ముందే తీసేయాల్సి వస్తే పక్క పళ్లు ఆ ఖాళీలోకి జరుగుతాయి. తర్వాత వచ్చే శాశ్వత దంతానికి చోటు చాలక వంకరగా వస్తుంది. పుట్టుకతో గుండె జబ్బు ఉన్న పిల్లలకైతే నోటిలోని బ్యాక్టీరియా రక్తంలో కలిసి గుండె లోపలి పొరకు ఇన్ఫెక్షన్ తెచ్చే ప్రమాదమూ ఉంది.

పన్ను ఎందుకు పుచ్చుతుంది?

మనం తిన్న తీపిని, పిండి పదార్థాన్ని నోట్లోని బ్యాక్టీరియా కూడా తింటుంది. తిని ఆమ్లాన్ని వదులుతుంది. ఆ ఆమ్లం పంటి పైపొర అయిన ఎనామిల్‌లోని కాల్షియం, ఫాస్ఫేట్ లవణాలను కరిగిస్తుంది. కాసేపటికి లాలాజలం ఆ ఆమ్లాన్ని తగ్గించి, పోయిన లవణాలను కొంతవరకు తిరిగి అందిస్తుంది. రోజంతా ఈ పోవడం, రావడం జరుగుతూనే ఉంటుంది. పోయేది ఎక్కువై, వచ్చేది తక్కువైతే గుంత పడుతుంది.

ఫ్లోరైడ్ పని ఇక్కడే. పేస్టులోని ఫ్లోరైడ్ పంటి పైన, లాలాజలంలో కొద్దిగా నిలిచి, లవణాలు మళ్లీ పంటిలో చేరడానికి సాయపడుతుంది. అలా తిరిగి కట్టుకున్న పొర మునుపటికంటే ఆమ్లాన్ని బాగా తట్టుకుంటుంది. గమనించండి... ఈ మేలు పంటికి తగలడం వల్ల కలిగేది. మింగితే అదనంగా వచ్చే లాభమేమీ లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఫ్లోరైడ్ టూత్‌పేస్టును అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. అందులో చెప్పిన మోతాదు 1000 నుంచి 1500 పీపీఎం.

మరి నల్లగొండ సంగతేంటి?

ఆ తల్లి భయం ఉత్తిది కాదు. ఫ్లోరైడ్ ఎక్కువైతే ఏమవుతుందో మన తెలుగువాళ్లకు తెలిసినంతగా చాలామందికి తెలియదు. ఎముకలను పట్టే ఫ్లోరోసిస్ మన దేశంలో మొదట వెలుగులోకి వచ్చింది 1937లో, నాటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లాలో. ఆ తర్వాత నల్లగొండ జిల్లా మర్రిగూడ లాంటి మండలాల్లో వంగిపోయిన కాళ్లు, బిగుసుకుపోయిన నడుములు ఎంతమంది బతుకుల్ని మంచానికి కట్టేశాయో చూశాం.

అయితే ఆ జబ్బు పేస్టు వల్ల వచ్చింది కాదు. నేల లోపలి రాళ్ల నుంచి ఫ్లోరైడ్ కలిసిన బావి నీళ్లు, బోరు నీళ్లు ఏళ్ల తరబడి తాగడం వల్ల, ఆ నీళ్లతోనే వండుకోవడం వల్ల వచ్చింది. మన దేశ ప్రమాణాల ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు. వేరే దిక్కు లేనప్పుడు 1.5 వరకు అనుమతిస్తారు. ఫ్లోరోసిస్ ఊళ్లలో అంతకు ఎన్నో రెట్లున్న నీళ్లు జనం తాగారు.

ఫ్లోరైడ్‌కు రెండు ముఖాలున్నాయన్న సంగతి బయటపడిందీ నీళ్ల వల్లే. అమెరికాలోని కొలరాడోలో ఫ్రెడరిక్ మెకే అనే దంతవైద్యుడు 1901లో ఒక వింత చూశాడు. అక్కడ పుట్టి పెరిగినవాళ్ల పళ్లపై గోధుమ రంగు మచ్చలున్నాయి. కానీ ఆ పళ్లు అంత తేలిగ్గా పుచ్చడం లేదు. కారణం నీటిలోని ఫ్లోరైడేనని తేలడానికి 1931 వరకు పట్టింది. ఎక్కువైతే మచ్చలు, తగుమాత్రంగా ఉంటే రక్షణ. ఉప్పు లాంటిదే ఇదీ. కూరలో చిటికెడు కావాలి, గుప్పెడు పనికిరాదు.

ఒక్కసారి లెక్క వేద్దాం

1000 పీపీఎం అంటే గ్రాము పేస్టులో 1 మిల్లీగ్రాము ఫ్లోరైడ్ ఉన్నట్టు. ఇది గుర్తుంటే మిగతా లెక్క సులువు.

బియ్యపు గింజంత పేస్టు సుమారు 0.1 గ్రాము. అందులో ఫ్లోరైడ్ 0.1 మిల్లీగ్రాము. రెండు పూటలా తోమి, ఉమ్మకుండా మొత్తం మింగేసినా రోజుకు 0.2 మిల్లీగ్రాములే.

బఠానీ గింజంత పేస్టు సుమారు 0.25 గ్రాము. రెండు పూటలా మొత్తం మింగినా 0.5 మిల్లీగ్రాము.

ఇప్పుడు ప్రకటనల్లో చూపించినట్టు పెద్ద బ్రష్ మీద ఈ చివర నుంచి ఆ చివరకు పెట్టారనుకోండి. అది ఇంచుమించు 1 గ్రాము. పేస్టు 1450 పీపీఎం అయితే ఒక పూటకు 1.45 మిల్లీగ్రాములు. రెండు పూటలా మింగితే 2.9 మిల్లీగ్రాములు. లీటరుకు 3 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్న నీటిని, అంటే అనుమతించిన గరిష్ఠ పరిమితికి రెట్టింపు ఉన్న నీటిని, రోజుకో లీటరు తాగినదాంతో ఇది దాదాపు సమానం!

దుబాయ్ పేస్టు తింటున్న పాప విషయంలో నేను ఆందోళన పడింది ఇందుకే. ఎనిమిదేళ్లలోపు చిగుళ్ల లోపల శాశ్వత దంతాలు తయారవుతుంటాయి. ఆ వయసులో రోజూ ఎక్కువ ఫ్లోరైడ్ కడుపులోకి వెళ్తే తర్వాత వచ్చే పళ్లపై తెల్లని గీతలు, మచ్చలు రావచ్చు. మరీ ఎక్కువైతే గోధుమ రంగు మరకలు పడతాయి. ఆ మచ్చలు తోమితే పోవు.

గల్ఫ్ నుంచి వచ్చే ట్యూబులు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల్లో గల్ఫ్‌కు వెళ్లినవాళ్లు లేని వాడ ఉండదు. సెలవుపై వచ్చేవాళ్ల పెట్టెలో సబ్బులు, సెంట్లు, చాక్లెట్లతో పాటు పేస్టులూ ఉంటాయి. ఆ పేస్టులు చెడ్డవని కాదు. తేడా మోతాదులో ఉంది. మన చట్టం ప్రకారం ఇక్కడ అమ్మే మామూలు ఫ్లోరైడ్ పేస్టుల్లో ఫ్లోరైడ్ 1000 పీపీఎం మించకూడదు. ఎంతుందో ట్యూబు మీద, డబ్బా మీద ముద్రించాలి. బయటి దేశాల్లో 1450 పీపీఎం వరకు మామూలుగానే అమ్ముతారు. పెద్దవాళ్లకు, శుభ్రంగా ఉమ్మగలిగే పెద్ద పిల్లలకు దాంతో ఇబ్బంది లేదు. ఉమ్మడం రాని చిన్నపిల్లల చేతికి మాత్రం ఇవ్వొద్దు. ఫోనులో మాట్లాడేటప్పుడు ఈ ఒక్క మాట పిల్లల నాన్నకు చెప్పండి... పంపేముందు ట్యూబు మీద అంకె చూడమనండి.

మీ ఇంటి నీళ్లు ఏవి?

పేస్టు ఎంచుకునే ముందు ఇది తేల్చుకోవాలి. నదుల నీటిని శుద్ధి చేసి ఇచ్చే మిషన్ భగీరథ నల్లా నీళ్లు తాగేవాళ్లకు ఫ్లోరైడ్ ఎక్కువవుతుందన్న బెంగ అక్కర్లేదు. 20 లీటర్ల క్యాన్లలో వచ్చే ఆర్‌వో ప్లాంట్ నీళ్లు తాగేవాళ్లకు నీటి ద్వారా అందే ఫ్లోరైడ్ చాలా తక్కువ. ఎందుకంటే ఆర్‌వో చాలా లవణాలతో పాటు ఫ్లోరైడ్‌నూ తీసేస్తుంది. అలాంటి ఇళ్లలో ఫ్లోరైడ్ లేని పేస్టు కూడా వాడితే పిల్లల పళ్లకు ఏ వైపు నుంచీ రక్షణ ఉండదు. మొదట చెప్పిన బాబు ఇంట్లో జరిగింది అదే. తాగేది క్యాన్ నీళ్లు, వాడేది ఫ్లోరైడ్ లేని పేస్టు, రాత్రి పడుకునేటప్పుడు చక్కెర కలిపిన పాలసీసా.

సొంత బోరు నీళ్లే తాగుతుంటే మాత్రం పరీక్ష చేయించండి. పక్కపక్క బోర్లలో కూడా ఫ్లోరైడ్ ఒకేలా ఉండదు. రుచిని బట్టి, రంగును బట్టి తెలియదు. మరగబెడితే పోదు. గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబుల్లో ఈ పరీక్ష చేస్తారు. పంచాయతీ కార్యాలయంలో అడిగితే ఎక్కడ ఇవ్వాలో చెబుతారు. 1.5 దాటితే ముందు మార్చాల్సింది పేస్టును కాదు, తాగే నీళ్లను, వండే నీళ్లను. అలాంటి చోట ఆరేళ్లలోపు పిల్లలకు ఏ పేస్టు వాడాలో దంతవైద్యుల్ని అడిగి నిర్ణయించుకోండి.

ట్యూబు తిప్పి చూడండి

మా పాప చిన్నప్పుడు నేనూ బొమ్మ చూసే పేస్టు కొన్నాను. ఇంటికొచ్చాక కళ్లజోడు పెట్టుకుని చదివితే అందులో ఫ్లోరైడే లేదు. డాక్టర్‌నైన నేనే చూసుకోలేదు. అందుకే చెబుతున్నా, కొనేముందే ఇవి చూడండి.

ఫ్లోరైడ్ ఎంత?: సోడియం ఫ్లోరైడ్, సోడియం మోనోఫ్లోరోఫాస్ఫేట్, స్టానస్ ఫ్లోరైడ్... వీటిలో ఏదో ఒక పేరు ఉంటుంది. పక్కనే పీపీఎం అంకె ఉంటుంది. సుమారు 1000 ఉన్నది ఎంచుకోండి. పిల్లల కోసమని అమ్మే కొన్నింటిలో 500 లోపే ఉంటుంది. కొన్నింటిలో అసలే ఉండదు. తక్కువ మోతాదు పేస్టులు పుచ్చకుండా ఆపుతాయని గట్టిగా చెప్పడానికి తగినంత ఆధారం లేదు.

గడువు తేదీ: ఫ్లోరైడ్ పేస్టుల మీద ఇది తప్పనిసరి.

రుచి: మరీ ఘాటుగా ఉంటే పిల్లలు నోరు తెరవరు. మరీ మిఠాయిలా ఉంటే మింగేస్తారు. మధ్యరకం మంచిది.

తెల్లదనం, బొగ్గు: పళ్లు తెల్లబడతాయని చెప్పేవి, బొగ్గు కలిపినవి పిల్లలకు వద్దు. గరుకు ఎక్కువైతే ఎనామిల్ అరుగుతుంది.

ట్యూబు చివరి రంగు పట్టీ: ఆకుపచ్చ అయితే సహజం, నలుపు అయితే రసాయనం అని వాట్సాప్‌లో తిరుగుతుంటుంది. అది నిజం కాదు. ట్యూబును ఎక్కడ కత్తిరించాలో, ఎక్కడ అతికించాలో యంత్రానికి తెలిపే గుర్తు మాత్రమే. కొన్ని ట్యూబుల మీద కనిపించే ఆకుపచ్చ చుక్క వేరు. అది శాకాహార గుర్తు.

పిల్లలకు ప్రత్యేకంగా ఖరీదైన ట్యూబు కొనలేకపోతే దిగులు అక్కర్లేదు. ఇంట్లో పెద్దలు వాడే 1000 పీపీఎం పేస్టునే పిల్లల కొలతలో వాడొచ్చు.

ఏ వయసుకు ఎంత?

పళ్లు రాకముందు: పాలు తాగాక తడి నూలుగుడ్డతో చిగుళ్లు మెల్లగా తుడవండి. పేస్టు వద్దు. బీడీలు చుట్టే తల్లులు, నానమ్మలు సబ్బుతో చేతులు బాగా కడుక్కున్నాకే బిడ్డ నోట్లో వేలు పెట్టాలి.

మొదటి పన్ను నుంచి మూడేళ్ల వరకు: బియ్యపు గింజంత. మెత్తని కుచ్చు ఉన్న చిన్న బ్రష్. తోమేది మీరే.

మూడు నుంచి ఆరేళ్ల వరకు: బఠానీ గింజంత. ఉమ్మడం నేర్పండి. పేస్టు పెట్టేది మాత్రం పెద్దలే.

ఆరేళ్లు దాటాక: బఠానీ గింజకు కాస్త ఎక్కువైనా పర్వాలేదు. ఈ వయసులోనే పాలపళ్ల వెనక మొదటి శాశ్వత దవడ పళ్లు వస్తాయి. ఏ పన్నూ ఊడకుండా వస్తాయి కాబట్టి చాలామంది వాటిని పాలపళ్లే అనుకుని పట్టించుకోరు. ఏడెనిమిదేళ్ల దాకా పక్కన నిలబడి చూడండి.

రోజుకు రెండుసార్లు, రెండేసి నిమిషాలు. ఒక్కపూటే కుదిరితే రాత్రి పూట అస్సలు వదలొద్దు. నిద్రలో లాలాజలం తగ్గుతుంది, పళ్లకు రక్షణ తగ్గుతుంది. తోమాక నురగ ఉమ్మేయాలి. చెంబెడు నీళ్లతో పుక్కిలిస్తే పంటిపై నిలవాల్సిన ఫ్లోరైడ్ కొట్టుకుపోతుంది. బ్రష్‌ను మూడు నెలలకోసారి మార్చండి. ఒకరి బ్రష్ ఇంకొకరికి వద్దు.

ట్యూబు నోట్లో పిండుకుంటే?

కొద్దిగా మింగితే కంగారు పడొద్దు. కాస్త కడుపు తిప్పొచ్చు. ఒక గ్లాసు పాలు తాగించండి. పాలలోని కాల్షియం ఫ్లోరైడ్‌ను పట్టుకుంటుంది. కానీ శరీర బరువులో కిలోకు 5 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఒకేసారి లోపలికి వెళ్తే అది ప్రమాదకర మోతాదు. 10 కిలోల బిడ్డకు అది 50 మిల్లీగ్రాములు. అంటే 1000 పీపీఎం పేస్టు 50 గ్రాములు, 1450 పీపీఎం అయితే సుమారు 35 గ్రాములే. ఎక్కువ మింగిందన్న అనుమానం ఉన్నా, వాంతులు, కడుపునొప్పి, మత్తు ఉన్నా పాలు తాగించి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఖాళీ ట్యూబు వెంట తీసుకెళ్లండి. వేలు పెట్టి వాంతి చేయించే ప్రయత్నం చేయొద్దు. అన్నింటికంటే మేలు... పేస్టును మందుల్లాగే పిల్లలకు అందని చోట పెట్టడం.

వేపపుల్ల, పళ్లపొడి

‘మా కాలంలో పేస్టులున్నాయా?’ అంటారు తాతలు. నిజమే. కానీ ఆ కాలంలో పూటపూటకూ బిస్కెట్లు, చాక్లెట్లు, ప్యాకెట్ జ్యూసులూ లేవు. పెద్దవాళ్లు వేపపుల్లతో తోముకుంటే తప్పేం లేదు. చిన్నపిల్లల లేత చిగుళ్లకు అది గుచ్చుకుంటుంది. బొగ్గు, ఇటుకపొడి, గరుకు పళ్లపొడి పిల్లలకు వద్దు. పొగాకు కలిపిన పళ్లపొడులు, పేస్టులను మన దేశంలో 1992లోనే నిషేధించారు. ఎవరైనా పంటినొప్పికి మంచిదని పొగాకు పొడి ఇస్తే పిల్లల దగ్గరికి రానివ్వకండి.

పేస్టు ఒక్కటే కాపాడదు

ఎంత మంచి పేస్టు వాడినా రాత్రంతా నోట్లో పాలసీసా ఉంటే పళ్లు నిలవవు. ఏడాది దాటాక సీసా మాన్పించి గ్లాసు అలవాటు చేయండి. పాలల్లో చక్కెర వద్దు. తీపి పెట్టాలనుకుంటే భోజనంతో పాటే పెట్టండి. మధ్యమధ్య పదిసార్లు పెట్టడం కన్నా అది నయం. తోమాక నీళ్లు తప్ప ఇంకేమీ ఇవ్వొద్దు.

నెలకోసారి పిల్లల పై పెదవి ఎత్తి చూడండి. చిగురు అంచున సుద్దలాంటి తెల్లని గీత కనిపిస్తే అదే పుచ్చడానికి తొలి మెట్టు. అప్పుడే దంతవైద్యులకు చూపిస్తే గుంత పడకుండా ఆపొచ్చు. ఏడాది నిండేలోపు ఒకసారి దంతవైద్యులకు చూపించడం మంచిది. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు అంగన్‌వాడీలకు, ప్రభుత్వ బడులకు వచ్చినప్పుడు పళ్లు కూడా చూస్తాయి. అవసరమైతే ఆసుపత్రికి రాసిస్తాయి. ఆ చీటీని పక్కన పడేయకండి.

ఇక ఆ ఇద్దరు పిల్లలు... బాబును వార్డులో చేర్చుకుని నరం ద్వారా యాంటీబయాటిక్స్ ఇచ్చాం. మూడు రోజులకు వాపు దిగింది, కన్ను తెరిచాడు. తర్వాత దంతవైద్యులు ఆ పన్ను తీసేయక తప్పలేదు. పన్నెండేళ్ల దాకా ఉండాల్సిన పన్ను నాలుగేళ్లకే పోయింది. మిగిలిన పళ్లను కాపాడుకోవడానికి ఇప్పుడు వాళ్లింట్లో ఫ్లోరైడ్ పేస్టే వాడుతున్నారు. పాప వాళ్ల అమ్మ దుబాయ్ ట్యూబును పెద్దవాళ్లకు ఉంచి, పాపకు 1000 పీపీఎంది కొంది. బఠానీ గింజంత తనే పెడుతోంది. ‘‘ఇంకింత పెట్టుమని లొల్లి చేస్తంది సార్’’ అంది మొన్న కనిపించి. చేయనివ్వమ్మా అన్నాను.

మీరూ ఈ రాత్రి పిల్లలకు బ్రష్ ఇచ్చేముందు ట్యూబు వెనక్కి తిప్పి ఒకసారి ఆ అంకె చదవండి.

- వ్యాసకర్త ప్రభుత్వ ఆసుపత్రిలో ఫిజీషియన్